కొడికొండ దాటితే శాన్‌ఫ్రాన్సిస్కో

అనంతపురంలో ఎవరినైనా అమెరికాకు దారేదని అడిగితే దక్షిణం వైపు చెయ్యి చూపిస్తారు. నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి పట్టుకుని రాప్తాడు, చెన్నేకొత్తపల్లి, పెనుకొండ, సోమందేపల్లి, పాలసముద్రం దాటి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర రాష్ట్రం వదలాలి. అక్కణ్నుంచి బాగేపల్లి, చిక్కబళ్లాపురం, ఆ తర్వాత దేవనహళ్లి. దాదాపు 180 కిలోమీటర్లు. మా సీమలో రన్‌వే లేదని కాదు. పుట్టపర్తిలో 1990 నుంచీ ఉంది. ప్రముఖులెందరో అక్కడ దిగారు గానీ, మామూలు మనిషి టికెట్టు కొనుక్కుని ఎక్కే విమానం రోజూ ఉండదు. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2021లో ఇంకొకటి తెరిచారు. అయినా 2008లో దేవనహళ్లి విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి, పై దేశం ప్రయాణమంటే మాకు కొడికొండ దాటడమే.

2024 మే నెలాఖరులో మా తమ్ముణ్ని చూడ్డానికి బయల్దేరాను. వాడుండేది శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన ఫ్రీమాంట్‌లో. బెంగళూరులో ఎక్కితే మధ్యలో ఎక్కడా దిగకుండా నేరుగా అక్కడే దించే విమానం. తెల్లవారుజామున ఇల్లు వదిలాం.

మే నెలలో మా నేల కొత్తవాళ్లకు ఖాళీగా కనిపిస్తుంది. ఎర్రమట్టి, దుక్కి చేసి వదిలేసిన చేలు, ఎక్కడో ఒక వేపచెట్టు, ఒక చింతచెట్టు, దూరంగా గుండ్రాళ్లు పేర్చినట్టున్న గుట్టలు. మాకు మాత్రం చేను చూడగానే దాని సంగతి తెలిసిపోతుంది. గట్టు సరిచేసి, కంప వేసి, పెంట తోలిన చేనైతే ఆ రైతు ఇంకా ఊళ్లోనే ఉన్నాడు. సర్కారుకంప మొలిచి నడుమెత్తు పెరిగిందంటే బెంగళూరు పోయాడు. అంతకుముందు ఏడాది ఖరీఫ్‌లో వానలు మొహం చాటేశాయి. కంప మొలిచిన చేలు ఆ రోజు నా కంటికి ఎక్కువే తగిలాయి.

మాది ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ పడే వాన. నైరుతి మేఘం పడమటి కనుమల అవతలే దిగి, వట్టి గాలిగా మా మీదికొస్తుంది. ఈశాన్యం కోస్తాలోనే తన సరుకు అమ్ముకుని వెళ్లిపోతుంది. ఆ పడిందైనా వేళకు పడదు. విత్తనం వేసేటప్పుడు ఒకసారి, ఊడలు దిగేటప్పుడు ఒకసారి పడితే శెనక్కాయ రైతుకు చాలు. ఆ రెండు వానల కోసం తరాలుగా జూదమాడుతున్న జిల్లా ఇది. సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి వంటి కథకులకు ఆ జూదమే కథావస్తువైంది.

చెన్నేకొత్తపల్లి ప్రాంతానికి వచ్చేసరికి పడమటి వైపు రామగిరి కొండల మీద గాలిమరలు కనబడ్డాయి. ఆ కొండల కింద ఒకప్పుడు బంగారం తవ్వారు. గనులు మూతపడ్డాయి, గాలి మిగిలింది. ఇంకాస్త ముందుకెళ్తే పెనుకొండ కోట. విజయనగర రాజులు తళ్లికోట యుద్ధం తర్వాత హంపి వదిలి వచ్చి చేరింది ఇక్కడికే. ఆ కోటకు దగ్గర్లోనే, ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ. 2018 ఫిబ్రవరిలో ఫ్యాక్టరీ చట్రం నిలబెట్టి 2019 ఆగస్టుకల్లా సెల్టోస్ కారు బయటికి తెచ్చారు. రోడ్డు పక్కన కొరియా లిపిలో హోటళ్ల బోర్డులు, వాటి పక్కనే తెలుగులో ‘రాగిసంగటి – నాటుకోడి’.

ఆ ఫ్యాక్టరీకి నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరు నుంచి వస్తాయి. గొల్లపల్లికి నీళ్లు కృష్ణానది నుంచి. శ్రీశైలం వెనక జలాల్లో మల్యాల దగ్గర మోటార్లతో ఎత్తి, మెట్టు మీద మెట్టుగా లిఫ్టు చేస్తూ, రెండువందల పైచిలుకు కిలోమీటర్లు కాలువలో నడిపించి జీడిపల్లికి తేవాలి. అక్కణ్నుంచి మళ్లీ ముందుకు. అదే హంద్రీ–నీవా. మల్యాలలో మోటార్లు తిరిగింది 2012లో, గొల్లపల్లిలో కృష్ణ నీళ్లు కనబడింది 2016 చివర్లో. చిన్నప్పటి నుంచి ప్రతి ఎన్నికల మీటింగులోనూ ‘కృష్ణమ్మ వస్తాంది’ అని విని చప్పట్లు కొట్టినవాళ్లం మేము. నాకు తెల్ల వెంట్రుకలు వచ్చాక వచ్చింది. కారు కిటికీలోంచి ఆ ఫ్యాక్టరీ గోడ వెంబడి పోతుంటే, ఇంత దూరానికి ఇన్నేళ్లేమిటి అన్న లెక్క తలలో తిరగడం మొదలైంది. తర్వాత పద్నాలుగు వేల కిలోమీటర్లు పోయినా ఆ లెక్క నన్ను వదల్లేదు.

కొడికొండ దగ్గర టీ కోసం ఆగాం. కదిరి వైపు నుంచి వచ్చే రోడ్డు అక్కడే పెద్ద రోడ్డులో కలుస్తుంది. అంగడి ముందు మూటలు, ప్లాస్టిక్ బిందెలు, ఒక కుక్కర్, ఇద్దరు పిల్లలతో ఒక గుంపు బెంగళూరు బస్సు కోసం నిలబడి ఉంది. తలుపుల మండలం వాళ్లు. కొడుకుల పెళ్లిళ్లు, బోరు అప్పులు, అన్నీ బెంగళూరు కూలీతోనే తీరాలి. నా పెట్టెలు చూసి అందులో ఒకాయన పలకరించాడు.

“యాడికి సామీ?”

“అమెరికాకు. దేవనహళ్లిలో ఎక్కాల.”

“ఆడ కొత్త బిల్డింగు లేసేటప్పుడు నేను సెంట్రింగు పని చేసినా. లోపల అంతా వెదురు కట్టినారంట గదా? నేనుండేటప్పుడు ఉత్త కాంక్రీటే. ఎన్ని గంటలు పడ్తాది సామీ అమెరికాకు?”

“పదహారు, పదిహేడు.”

ఆయన నవ్వాడు. “మాకు బెంగుళూరు నుంచి మా ఊరికి తిరిగొచ్చేదానికి ఆర్నెల్లు పడ్తాది.”

టీ డబ్బులు ఇవ్వబోతే నా చెయ్యి పట్టుకుని ఆపి, తనే ఇచ్చాడు. దూరం పోయేవాళ్ల దగ్గర తీసుకోకూడదంట. ఏ శాస్త్రంలో ఉందో అడగలేదు.

చిక్కబళ్లాపురం దాటాక ఎడారి నుంచి తోటలోకి వచ్చినట్టు ద్రాక్ష పందిళ్లు, పూల చేలు. కుడివైపు నందికొండ. మా పెన్నానది పుట్టేది ఆ కొండల్లోనే. అక్కడ పుట్టి ఉత్తరంగా హిందూపురం మీదుగా మా జిల్లాలోకి వచ్చి, ఇసుకలో ఇంకుతూ తేలుతూ నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. పుట్టపర్తి పక్కన పారే చిత్రావతి కూడా ఈ చిక్కబళ్లాపురం గుట్టల బిడ్డే. విమానాశ్రయానికి కూతవేటు దూరంలో పుట్టిన నది మా ఊరి వంతెన కింద ఏళ్లతరబడి నీటిచుక్క లేకుండా ఉంటుంది. 2021 నవంబరులో ఒక్కసారిగా ఉప్పొంగి చిత్రావతి, పెన్నా రెండూ ఊళ్లను ముంచినప్పుడు, నది చూడాలని పిల్లల్ని స్కూటర్ల మీద ఎక్కించుకొచ్చినవాళ్లున్నారు. అంత అపురూపం మరి.

దేవనహళ్లిలో ఆ వెదురు చూశాను. పైకప్పు నిండా వెదురు, పైనుంచి వేలాడుతున్న మొక్కలు, వాటికి సన్నగా నీటి తుంపర. సెంట్రింగు కొట్టినాయన చేతి పని ఆ వెదురు వెనకాల ఎక్కడో ఉంది.

బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు సరాసరి గీత గీస్తే 13,993 కిలోమీటర్లు. ఈ రెండు ఊళ్ల మధ్య నేరు విమానం తొలిసారి 2021 జనవరి 9 రాత్రి అటువైపు నుంచి లేచింది. నడిపినవాళ్లంతా ఆడవాళ్లు. కెప్టెన్ జోయా అగర్వాల్, ఆమెతోపాటు మన తెలుగింటి పేరున్న పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా దాదాపు 17 గంటలు ఎగిరి 11వ తేదీ తెల్లవారక ముందే బెంగళూరులో దించారు. శనివారం ఎక్కినవాళ్లు సోమవారం దిగారు. సరాసరి గీత లెక్కన చూస్తే, భారతీయ విమాన సంస్థ ఏదీ అంతకుముందు అంత దూరపు ఊళ్ల మధ్య ఆగకుండా నడిపి ఉండలేదు. ప్రపంచం మొత్తం మీద చూస్తే సింగపూర్–న్యూయార్క్ విమానం ఇంకా పొడుగు, 15,300 కిలోమీటర్లు దాటుతుంది. మేమెక్కిన బోయింగ్ 777లో ఈ దూరపు రకమైతే 2005లో ఒకసారి ప్రయాణికుల సీట్లు అమ్మకుండా, పరీక్ష కోసం హాంకాంగ్ నుంచి లండన్‌కు తూర్పు దిక్కుగా చుట్టు తిరిగి 21,602 కిలోమీటర్లు ఒక్క బిగిన ఎగిరింది. చుట్టుదారిలో పోవడానికి మా ఎర్రబస్సులే గొప్పవనుకునేవాణ్ని.

నా పక్క సీట్లో కళ్యాణదుర్గం వైపు అవ్వ. మనవరాలి కాన్పుకు పోతోంది. కూతురు వీల్‌చైరు చెప్పి ఎక్కించిందట; ఆ చైరులో కూర్చున్నందుకు ఆమెకు ఇంకా సిగ్గు పోలేదు. అన్నం ట్రే వస్తే మర్యాదగా పక్కకు జరిపి, సంచిలోంచి గుడ్డలో చుట్టిన ఎండు జొన్నరొట్టెలు తీసింది. పక్కన డబ్బాలో శెనక్కాయ పొడి. రొట్టె విరిచిన చప్పుడుకు ముందు సీటు వాళ్లు వెనక్కి తిరిగారు. నాకొకటి పెట్టింది. ట్రే తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మాయి చేతిలో కూడా ఒక ముక్క పెట్టి, పైన పొడి చల్లి, “తినుమ్మా, పొద్దన్నించీ తిరగతానే ఉండావు” అంది. ఆ అమ్మాయిది ఏ ఊరో, తెలుగు రాదు. వద్దనలేదు. తెర వెనక్కి వెళ్లింది. కాసేపటికి వచ్చి, ఆ పొడి ఇంకొంచెం ఉందా అని సైగ చేసింది. అవ్వ నా వైపు గెలిచినట్టు చూసింది.

ముందున్న తెర మీద విమానం బొమ్మ కదులుతోంది. బంగాళాఖాతం, బర్మా, చైనా, జపాను. అవ్వకు అనుమానం వచ్చింది.

“అమెరికా పడమటి దిక్కు గదప్పా? ఇదేంది, పొద్దు పొడిసే దిక్కుకు పోతాంది?”

“ఎట్లా పోయినా చేరతాంలే అవ్వా. అది మనకు సరిగ్గా అవతలి పక్క.”

“అయితే కిందికి తొవ్వినా వస్తాది.” ఇంత మాట అని నిద్రపోయింది.

తూర్పు దారి పట్టడానికి కారణం గాలి. పైన, ముప్పై వేల అడుగుల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు ఒక గాలివాగు పారుతుంటుంది. దానితోపాటు పోతే గంటకు పైగా కలిసొస్తుంది. ఎదురుపోతే అంతా నష్టమే. అందుకే పోయేటప్పుడు పసిఫిక్ మీదుగా, వచ్చేటప్పుడు ధ్రువం వైపుగా, ఆ రోజు గాలిని బట్టి దారి మారుస్తారు. కిలోమీటర్లు ఎక్కువైనా గంటలు తక్కువయ్యే దారినే పైలట్లు దగ్గరి దారి అంటారు.

మధ్యాహ్నం రెండు దాటాక లేచిన విమానం ఒక పొట్టి రాత్రిని దాటించి, అదే రోజు సాయంత్రం శాన్‌ఫ్రాన్సిస్కోలో దించింది. రెండు ఊళ్ల గడియారాల తేడా ఒకటి ఉందిగా, అది మాకు పన్నెండున్నర గంటలు అప్పిచ్చింది. తిరుగు ప్రయాణంలో వసూలు చేసుకుంటుంది.

తమ్ముడి కూతురి గదిలో ఒక గోళం ఉంది. సూదిదారం తెమ్మన్నాను. ఒక కొస బెంగళూరు మీద, ఇంకో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగితే దారం ఎటు పోయిందో చూసి పిల్ల నోరు తెరిచింది. పసిఫిక్ మీదా లేదు, ఐరోపా మీదా లేదు. చైనా మీదుగా, సైబీరియా తూర్పు కొస మీదుగా ఆర్కిటిక్ వలయం దాటి, అలాస్కా నడిమధ్యన దిగి వచ్చింది. కారణం సులువే. బెంగళూరు రేఖాంశం తూర్పున 77 చిల్లర, శాన్‌ఫ్రాన్సిస్కోది పడమర 122 చిల్లర. రెంటికీ మధ్య 160 డిగ్రీలు. ఇంకో ఇరవై డిగ్రీలుంటే వీపూ వీపూ ఆనించి నిలబడ్డట్టే. అందుకే దగ్గరి దారి ఉత్తరానికి ఎగబాకుతుంది. సరిగ్గా ధ్రువం నడినెత్తి మీదుగా పోయినా అదనంగా అయ్యేది నాలుగువందల కిలోమీటర్ల లోపే. అంటే అనంతపురం నుంచి హైదరాబాదు పోయినంత.

ఫ్రీమాంట్‌లో ఇంట్లో మాట, వంట అంతా మనదే. బొరుగులు అంగట్లో దొరుకుతాయి కాబట్టి ఆదివారం ఉగ్గాని, బజ్జి. రాగిపిండి దొరుకుతుంది కాబట్టి సంగటి. ఊరుబిండికి మాత్రం మా మరదలు తంటాలు పడుతుంది. అక్కడి పల్లీలు బొటనవేలంత ఉంటాయి, నూనె తక్కువ, రుచి చప్పన. మా టీఎంవీ–2, కదిరి–6 గింజ చిన్నదే గానీ వేయిస్తే వీధి మొత్తం వాసన వస్తుంది. నేను తీసుకెళ్లిన శెనక్కాయల సంచి చూసి వాడికి కళ్లనీళ్లొకటే తక్కువ. నిజానికి ఆ పంట పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఓడలెక్కి మా దగ్గరికొచ్చి, మా ఎర్రమట్టిలో సొంత మనిషైపోయింది.

పక్కింటి చైనా పెద్దాయన పొద్దున్నే వాకిట్లో మొక్కలకు వంటింట్లో కూరగాయలు కడిగిన నీళ్లు బకెట్టుతో పోయడం చూశాను. పలకరిస్తే, మూడేళ్ల కరువులో అలవాటైందని, వానలు పడ్డాక కూడా మానబుద్ధి కాలేదని చెప్పాడు. కాలిఫోర్నియాలో 2020 నుంచి 2022 దాకా మూడేళ్లు, లెక్కలు రాయడం మొదలుపెట్టాక అంత ఎండిన మూడేళ్లు లేవట. కరువంటే మా సొత్తేనన్న అహం అక్కడ కొంచెం తగ్గింది.

ఒక రోజు తమ్ముడు తూర్పుగా సెంట్రల్ వ్యాలీ వైపు తీసుకెళ్లాడు. దారిలో ఆల్టమాంట్ కనుమ. కొండలన్నీ ఎండిన గడ్డితో బంగారు రంగులో, వాటి మీద వరసలుగా గాలిమరలు. రామగిరి దాటుతున్నట్టే ఉందిరా అన్నాను. వాడికి రామగిరి గాలిమరలు జ్ఞాపకం లేవు. వాడు ఊరొదిలాక మా దగ్గర గాలిమరలు ఊరికి పదైపోయాయి.

కనుమ దిగగానే కాలువ కనబడింది. కాలిఫోర్నియా అక్విడక్ట్. ఉత్తరాన మంచుకొండల నుంచి కరిగి వచ్చిన నీళ్లను మోటార్లతో ఎత్తి, ఏడువందల కిలోమీటర్ల పొడవునా దక్షిణానికి నడిపించే కాలువ. ఐదో నంబరు రహదారి పక్కనే మైళ్లకు మైళ్లు మనతోపాటు వస్తుంది. చివర్లో టెహాచపీ కొండలు అడ్డమొస్తే ఒక్క ఎత్తున దాదాపు రెండువేల అడుగులు పైకి లేపి అవతల పడేస్తారు. 1960లో జనం ఓటేసి డబ్బు మంజూరు చేస్తే, ’70ల మొదట్లో లాస్ ఏంజెలస్ వైపు నీళ్లు దిగాయి.

కారు ఆపించి దిగాను. కంచె అవతల నీళ్లు నిండుగా, చప్పుడు లేకుండా పోతున్నాయి. కాంక్రీటు అంచుకు పాచి పట్టింది. నీటి మీద ఒక కొంగ నీడ. నిజం చెప్పాలంటే నాకు అసూయ కలిగింది. నీళ్లకు కాదు, ఆ పదేళ్ల చిల్లరకు. మనం కూడా మోటార్లు పెట్టాం, కాలువ తవ్వాం, అదే విద్య, అదే సిమెంటు. మన ఇంజనీర్లకు తెలియనిదేం లేదు అక్కడ. నిధులు ఏ ఏటికా ఏడు చిల్లరగా రాలడం, ప్రభుత్వం మారితే టెండర్లు మారడం, మేజర్ కాలువ వచ్చినా పిల్లకాలువలు తవ్వకపోవడం, ఇవన్నీ దూరాన్ని పెంచుతాయి. మా జిల్లాలో కాలువ గట్టు మీద నిలబడి పక్క చేనుకు నీళ్లు పారక చూస్తూ ఊరుకునే రైతులున్నారు. ఆ కాలువకూ ఆ చేనుకూ మధ్య పది గజాలు.

కాలువకు రెండు వైపులా బాదం తోటలు. ప్రపంచంలో పండే బాదంలో ఐదింట నాలుగు వంతుల దాకా ఈ ఒక్క రాష్ట్రానిదే. బయటి దేశాల్లో ఎక్కువ కొనేది మనం. అనంతపురం పాతూరు అంగళ్లలో సీసాల మీద ‘కాలిఫోర్నియా’ అని రాసి పెట్టేది ఈ చెట్ల కాయే. ఒక్కో గింజకు నాలుగు లీటర్ల నీళ్లు ఖర్చని లెక్కగడతారు. కాలువ చాలనప్పుడు బోర్లు. ఈ లోయలోనే మెండోటా దగ్గర 1977లో జోసెఫ్ పోలండ్ అనే శాస్త్రవేత్త ఒక కరెంటు స్తంభం పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. ఆయన తల మీద చాలా ఎత్తున స్తంభానికి 1925 అని బోర్డు. అప్పట్లో నేల అంత ఎత్తున ఉండేదట. బోర్లతో తోడి తోడి యాభై ఏళ్లలో నేలే తొమ్మిది మీటర్లు కుంగిపోయింది.

మా దగ్గర కింద రాయి కాబట్టి నేల కుంగదు, మనుషులు కుంగుతారు. తిరుచెంగోడు నుంచి బోరు లారీలు రాత్రిపూట వచ్చి వెయ్యి అడుగులు దించి, దుమ్ము తప్ప ఏమీ రాకపోతే బిల్లు తీసుకుని పోతాయి. నీళ్లు ఎక్కడ పడతాయో అరచేతిలో టెంకాయ పెట్టుకుని చెప్పేవాళ్లు మాకుంటే, కొమ్మపంగ పట్టుకుని చెప్పేవాళ్లు కాలిఫోర్నియా రైతులకూ ఉన్నారు! చట్టాల సంగతికొస్తే మనమే ముందు: మన వాల్టా చట్టం 2002లో వచ్చింది, వాళ్ల భూగర్భజలాల చట్టం 2014లో. అమలు గురించి ఎవరూ ఎవర్నీ ఎగతాళి చేసే పరిస్థితి లేదు.

రోడ్డు పక్క ఒక పందిరి కింద చెర్రీ పండ్లు అమ్ముతున్న ఆమె దగ్గర ఆగాం. ఆమె కొడుకుతో మాట్లాడుతుంటే ఆ యాస నా చెవికి కొత్తగా అనిపించలేదు. స్పానిష్. బత్తలపల్లి ఆసుపత్రిలో, అనంతపురం వీధుల్లో స్పెయిన్ నుంచి వచ్చేవాళ్ల నోట ఎన్నేళ్లుగానో వింటున్న భాష. బార్సిలోనా మనిషి విన్సెంట్ ఫెర్రర్ 1952లో బొంబాయికి వచ్చి, మహారాష్ట్ర నుంచి వెళ్లగొడితే, 1969లో మా కరువుసీమను వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన మొదలుపెట్టిన ఆర్డీటీ సంస్థ బళ్లు, ఆసుపత్రులు, ఇళ్లు, చెక్‌డ్యాంలు చూడని పల్లె మా జిల్లాలో తక్కువ. 2009లో పోయాడు, బత్తలపల్లిలోనే మట్టిలో కలిశాడు. డబ్బులిచ్చి ‘గ్రాసియాస్’ అన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది; గుప్పెడు పండ్లు అదనంగా వేసి గబగబా ఏదో అడిగింది. నాకు వచ్చింది ఆ ఒక్క ముక్కే. తమ్ముడు బిత్తరపోయాడు: “నువ్వు స్పానిష్ ఎక్కడ నేర్చుకున్నావు?” “బత్తలపల్లిలో” అన్నాను. నవ్వులాటకు అంటున్నాననుకున్నాడు.

కారులో కూర్చున్నాక ఆ బార్సిలోనా మనిషి అనంతపురానికి ఎంత దూరం వచ్చినట్టు అని ఆలోచించాను. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి పోయి తిరిగి రావడానికి పదిహేను నెలలు పట్టింది. ఆ పదిహేను నెలల్లో ఆయన ప్రతి మజిలీలో ఏ బియ్యం దొరికాయో, ఏ బావిలో నీళ్లు బాగున్నాయో రాసుకున్నాడు. మనం పదహారు గంటల్లో సగం భూగోళం దాటి, దాటిన దేశాల్లో ఒక్కదాని నీళ్ల రుచి కూడా తెలియకుండా దిగుతాం. వేగంలో తప్పేం లేదు, నాకూ ఇష్టమే. అవ్వ మనవరాలి కాన్పుకు పదిహేను నెలలు ప్రయాణం చేయలేదు కదా. కాకపోతే ఆ వేగం కొన్నిటికే దక్కింది. కియా కారుకు దక్కింది, బాదంగింజకు దక్కింది, నా పాస్‌పోర్టుకు దక్కింది. కృష్ణ నీళ్లకు దక్కలేదు. తలుపుల ఆయనకూ దక్కలేదు.

జూలైలో తిరుగు ప్రయాణం. ఈసారి విమానం ఉత్తరానికే ఎక్కింది. కెనడా కొండలు దాటేసరికి రాత్రి కావాల్సిన వేళైంది గానీ పొద్దు పూర్తిగా పోలేదు. ఆకాశపు అంచున నారింజ గీత ఒకటి అలాగే ఉండి, కాసేపటికి మళ్లీ సూర్యుడై లేచింది. కింద తెల్లగా, పగుళ్లు పట్టిన చెరువు మట్టిలా మంచు పలకలు. బయట మైనస్ యాభై దాకా చలి. ఆ చలిలో ఇంధనం గడ్డకట్టకుండా చూసుకోవాలి. అమెరికాలో మామూలుగా నింపే ఇంధనం మైనస్ 40 దగ్గరే గట్టిపడొచ్చు కాబట్టి, ట్యాంకులో వేడి తగ్గితే పైలట్లు కిందికైనా దిగుతారు, వేగమైనా పెంచుతారు.

చలికన్నా పెద్ద అడ్డం రాజకీయాలది. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా విమానాలకు రష్యా ఆకాశం మూసేసింది. బెంగళూరుకు నేరుగా నడుపుతామని ప్రకటించిన అమెరికా సంస్థ ఆ ఆలోచన పక్కన పెట్టింది. మన విమానాలకు ఆ దారి తెరిచే ఉంది. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పోతున్న విమానం ఇంజనులో తేడా వస్తే సైబీరియా తీరాన మగడాన్‌లో దిగింది. రెండువందల మందికి పైగా ప్రయాణికులు ఆ చలి ఊళ్లో ఒక రోజుకు పైగా ఉండి, ఇంకో విమానం వస్తే వెళ్లారు. గోళం మీద బిగించిన దారం మటుకు మగడాన్‌నూ, మాస్కోనూ, వాషింగ్టన్‌నూ అడిగి కదలదు.

సోమవారం రాత్రి ఎక్కి బుధవారం తెల్లవారుజామున దేవనహళ్లిలో దిగాం. మంగళవారాన్ని గడియారాల తేడా తన బాకీ కింద జమ చేసుకుంది. బయట తడి గాలి. మనసులో ఆశ లేచింది. బాగేపల్లి దాటేసరికి గాలి పొడిబారింది, కొడికొండకల్లా రోడ్డు తెల్లగా ఉంది.

“వాన పడిందా?” అని డ్రైవర్ని అడిగాను.

“గోరంట్ల పక్క ఒక పదును పడింది సార్. మా ధర్మవరం పక్క ఇత్తనం ఏసి కూసున్నారు.”

ఇత్తనం వేశారంటే సంతోషించాలో, వేసి కూర్చున్నారంటే దిగులు పడాలో తెలియదు. ఆగస్టు పదిహేను దాకా వేయొచ్చు అంటారు మా రైతులు. ఆ తర్వాత వేసింది మేతకే. పాలసముద్రం దగ్గర రోడ్డు పక్క చేలో సాళ్లు పడి ఉన్నాయి, మొలక జానెడు కూడా లేదు. ఇంకో చేలో కరెంటు కోసం రాత్రంతా కాపుకాసినట్టున్న మనిషి బోరు దగ్గర బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. తుంపర పైపులు నాలుగైదు తిరుగుతున్నాయి.

పెనుకొండ దగ్గర హోటల్లో ఉగ్గాని చెప్పాం. పక్క బల్ల మీద ఇద్దరు కొరియా కుర్రాళ్లు బజ్జిని ముందు రెండుగా కోసి, లోపల మిరపకాయ చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సప్లయరు వచ్చి, గింజలు తీసేసి తినమని చేత్తో చూపించాడు. వాళ్లు వినలేదు, అలాగే తిన్నారు. నీళ్ల గ్లాసులు వరసగా ఖాళీ అయ్యాయి. సప్లయరు జగ్గు అక్కడే పెట్టి పోయాడు.

తమ్ముడు ఫోన్ చేశాడు. ఇల్లు చేరావా అని. ఇంకా డెబ్బై కిలోమీటర్లుంది అన్నాను. “ఇంకానా?” అన్నాడు.

డ్రైవరు అప్పటికే చెయ్యి కడుక్కుని బండి దగ్గర నిలబడ్డాడు. “జరా బిర్రన కానీండి సార్. మిమ్మల్ని దించి ఎనిమిదిన్నరకంతా ధర్మవరంలో ఇంకో పార్టీని ఎక్కించుకోవల్ల. కువైట్‌కు పోయేవాళ్లు, మధ్యాన్నం ఫ్లైటు. బండి మళ్లా ఇదే దోవన పోవల్ల.”